అమ్మకు చేరని క్యాసెట్

దుబాయిలో నా గదిలోనే ఉండే ఒకతను సూపర్‌వైజర్‌కు నా మీద చాడీలు చెప్పి, నన్ను ఎండలో పనికి వేయించాడు. అప్పటి నుంచి అతనితో మాట మానేశాను. నేను సెలవు మీద ఇంటికి బయలుదేరుతుంటే, చదువురాని తల్లి కోసం తన మాటలు నింపిన క్యాసెట్ తెచ్చి ఇచ్చాడు.

"కోపముంటే నా మీద ఉంచుకో తమ్మి. గా ముసల్దాని మీద గాదు."

బొంబాయి నుంచి జగిత్యాల వచ్చే బస్సు కోరుట్లలో ఆగింది. వాళ్లమ్మ ఉండేది అక్కడే. నేను దిగలేదు. ఆ ఆదివారం చర్చిలో మోకరించి, నా పాపాలు క్షమించమని దేవుణ్ని వేడుకున్నాను. క్యాసెట్ ఇంకా నా సంచిలోనే ఉంది. నెల తిరగకముందే ఆమె చనిపోయిందని తెలిసింది.

దుబాయి వెళ్లాక అతనికి ఉన్నదున్నట్టు చెప్పి, క్షమించమని అడిగాను. అతను రొట్టెల పిండి పిసుకుతూనే విన్నాడు.

"మాఫ్ జేసిన అని ఇయ్యాల నా నోటికెళ్లి రాదు," అన్నాడు. "కూసో. రొట్టె తిను."

తర్వాత రెండేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ఆ మాట అతను అనలేదు, మళ్లీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అతని వంట రోజున మాత్రం నా కంచంలో ముందుగా వడ్డించేవాడు.