గోడ పగులు మీద కాగితం పట్టీ

మొన్న ఒక ఆదివారం అనుబంధంలో ఇంగ్లండులోని ఒక పాత సంత పట్నం గురించి చదివాను. ఊరి చుట్టూ వందల ఏళ్ల నాటి రాతి గోడ, దానికి ఆనుకుని పూలకుండీలు పెట్టిన ఇళ్లు, సాయంత్రమైతే ఆ గోడ మీదే జనం షికారు చేస్తారట. అక్కడ బతకడం అదృష్టమని రాశారు. నాకు మాత్రం ఆ ఫొటో చూడగానే కళ్లు పగుళ్లను వెతికాయి, ఎందుకంటే అలాంటి గోడ నీడన సిద్దిపేటలో నేనూ నాలుగేళ్లు కాపురం చేశాను.

అవి ఎనభైల చివరి రోజులు. నేనొక దినపత్రికకు విలేకరిని. రాసిన వార్తలు కవరులో పెట్టి హైదరాబాదు బస్సు కండక్టరు చేతికిస్తే, అచ్చయి మర్నాడు పొద్దున బస్సులోనే తిరిగొచ్చేవి. మా కిరాయి ఇల్లు పాత ఊళ్లో, ఒకప్పటి ఊరి గోడలో మిగిలిన ముక్కకు ఆనుకుని ఉండేది. ఆ వాడలో ఎవరూ వెనక గోడ కట్టుకోలేదు. రాయీ మట్టీ కలిపి పేర్చిన ఆ ఎత్తైన గోడే అందరి ఇళ్లకూ వెన్ను. చేరిన కొత్తలో, ఇంత పాత గోడ మనల్ని కాస్తున్నదని నేనూ గర్వపడ్డవాణ్ణే.

ఆ ఏడు ముసురు పట్టి రోజుల తరబడి వదల్లేదు. నా భార్యకు తల్లి లేదు గనుక కాన్పు మా ఇంట్లోనే అయింది. వెనక గదిలో ఆ గోడ పక్కనే ఆమె మంచం, ఆమె పక్కన నాలుగు రోజుల ఆడపిల్ల. అప్పుడే గోడ మీద, పైనుంచి కిందికి, వెంట్రుకంత పగులు కనబడింది. తెలిసిన మేస్త్రీ ఒక ఉపాయం చెప్పాడు. పగులుకు అడ్డంగా కాగితం పట్టీ అతికించాలి. గోడ కదిలితే కాగితం చిరుగుతుంది. చిరిగిన నాడు ఆ ఇంట్లో ఉండొద్దు. మైదా ఉడికించి పాత పేపరు పట్టీ ఒకటి అతికించాను. అసలు అప్పుడే ఇల్లు మారదామన్నాను గానీ, మేం అవ్వ అని పిలుచుకునే మా అమ్మ ఒప్పుకోలేదు.

"ఇరవైయొక్క దినాలు ఎల్లకముందే బాలింతను వానల బయటికి తీస్తరా ఎవలన్న? గాలి సోకితె నువ్వు జూస్తవా?"

అప్పటినుంచి నా ప్రాణమంతా ఆ పట్టీలోనే ఉండేది. వార్తల పని మీద తొగుట దారిలోనో, కొమురవెల్లిలోనో ఎవరితోనో మాట్లాడుతుంటే కళ్ల ముందు ఆ కాగితం చిరిగేది. ఇంటికి రాగానే చెప్పులు విడవకుండా వెనక గది గుమ్మంలోకి పోయి చూసేవాణ్ణి. పట్టీ నిండుగా ఉండేది. గుండె కుదుటపడేది. ఇలా వారం గడిచింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం కూడా పట్టీ నిండుగానే ఉంది. అయితే ఆ రోజు మంచం దాకా పోయాను; అచ్చు కనబడితే చదవడం నా అలవాటు గదా, కళ్లు వాటంతటవే చదివాయి: వాగు పొంగి కోహెడ బస్సులు బంద్. అది మొన్న నేను కవరులో పెట్టి పంపిన వార్త. వారం కింద అతికించిన కాగితం మీద నిన్న అచ్చయిన వార్త ఎలా వచ్చింది?

గోటితో ఆ పట్టీ లేపాను. దాని కింద ఇంకొకటి, నడిమికి చిరిగి ఉంది. దాని కిందా అంతే. అయిదు పొరలు, అయిదూ చిరిగినవే. చివరికి పగులులోకి నా వేలు దూరిపోయింది.

"చినిగిన సందుల నుంచి సలిగాలి వస్తలేదా, పసిపిల్ల బుగ్గలు మంచు లెక్క అయితున్నయి. అందుకే దినాం అతుకుతున్న" అంది అవ్వ, నేను మెచ్చుకుంటానన్నట్టు.

బయటికి పోయి కేకేశాను. పక్కింటి చేనేత పెద్దాయన మగ్గం దిగి వచ్చాడు. వరస లేకపోయినా నన్ను అల్లుడనే పిలిచేవాడు. పగులు చూశాడు, పొరలు చూశాడు.

"ఏమల్లుడా, ఊరందరికి వార్తలు జెప్తివి, నీ ఇంట్ల వార్త నీకు తెల్వకపాయె! అక్కా, ఇగ దినాలు లెక్కవెట్టకు. పట్టున్రి మంచం."

ఆయన, ఆయన కొడుకులిద్దరు, నేను. బాలింతను, పిల్లను మంచంతో సహా ఎత్తాం. మీద తాడిపత్రి పట్టా, దాని మీద వాన. అవ్వ వెనకాలే నడుస్తూ గాలి సోకుతుందని మమ్మల్ని తిడుతూనే ఉంది. వీధి చివర ఉన్న, ఆ గోడకు ఆనని వాళ్ల నూలు కొట్టంలో దించాం. మర్నాడు వాడంతా ఖాళీ అయింది. ఆ మరునాడు వాన వెలిసి ఎండ కాసింది. నానిన గోడలు ఎండకే కూలుతాయని అప్పుడు తెలిసింది. మా వెనక గది ఉన్నచోట ఛాతీ ఎత్తు రాళ్ల కుప్ప మిగిలింది.

పాత గోడ కూలిందనీ, ప్రాణనష్టం లేదనీ నాలుగు ముక్కలు రాసి పంపాను. అంతకుముందు ఆ చివరి మాట ఎన్నిసార్లు ఎంత తేలిగ్గా రాశానో! ఆ రోజు అది రాసేముందు లేచిపోయి పిల్లను ఒకసారి చూసొచ్చాను. తన కాగితాల వల్లనే గోడ అన్ని రోజులు నిలిచిందని అవ్వ పోయేదాకా అందరికీ చెప్పుకుంది. నేనెప్పుడూ కాదనలేదు.

ఇప్పుడు మా కాలనీలో ఎవరి గోడ వారిదే, గోడకూ గోడకూ మధ్య సందు, గేటుకు తాళం. అంతా గట్టి సిమెంటు, కూలే భయం లేదు. అయినా వాన పట్టిన మధ్యాహ్నాల్లో మంచం మీద పడుకుని, ఇప్పటికిప్పుడు దీన్ని ఎత్తాల్సివస్తే పిలవగానే వచ్చేవాళ్లెవరా అని లెక్కపెడతాను. ఇద్దరి దగ్గరే ఆగిపోతాను.