పాంబడాల మీద మోపిన నేరం

1931. కోవిల్‌పట్టి స్త్రీల ఆసుపత్రిలో నేనొక్కదాన్నే డాక్టర్ని. మద్రాసులో చదివానన్న పొగరు అప్పుడు నిండా ఉండేది. ఇప్పుడు కొంత తగ్గింది.

విళాత్తికుళం వైపు పల్లె నుంచి రామక్క వచ్చింది. యాభై దాటిన రైతు మనిషి. ఎడమ దవడ, మెడ, భుజం లాగుతున్నాయంది. చెవులకు పాంబడాలున్నాయి. అక్కడి పెద్దవాళ్ళు పెట్టుకునే బరువైన బంగారు సొమ్ములవి. తమ్మెలు సాగి భుజాలకు తగిలేవి. వాటిని చూస్తేనే నాకు ఒళ్ళుమంట.

"ఇంత బరువు వేలాడదీస్తే దవడ లాగదా? తీసెయ్యి."

"కూసున్నప్పుడూ ఏలాడతానే ఉండాయి గదా డాక్టరమ్మా! అప్పుడు నొయ్యదే. నడిస్తేనే పట్టుకుంటాది. నిలిస్తే నిలిసిపోతాది."

"డాక్టరు నువ్వా, నేనా?"

"నువ్వే తల్లీ. సెవులు మాత్రం నావి."

బరువు రెండు చెవులకూ ఉంటే నొప్పి ఒక పక్కనే ఎందుకని నాకు తట్టనేలేదు. వాదించి గెలిచాను. ఆమె తీసేసింది.

నెల తర్వాత మళ్ళీ బండి వచ్చింది. రామక్క బోసిచెవుల మీదుగా కొంగు కప్పుకుని దిగింది. గేటు నుంచి వరండాకు ఇరవై అడుగులుంటాయి. సగం దూరంలో ఆగిపోయింది. పిడికిలి బిగించి రొమ్ము నడిమిన పెట్టుకుంది. మొహం బూడిదరంగుకు తిరిగింది, చెమటకు రవిక తడిసింది.

"బయమేస్తా ఉండాది... నన్ను పట్టుకో," అంది.

ఆ కళ్ళు చూశాకే నాకు తట్టింది. యాంజైనా పెక్టోరిస్. గుండెకు నెత్తురు తెచ్చే నాళాలు సన్నబడితే, నడిచినప్పుడు దానికి చాలినంత అందదు. ఆ బాధే దవడకూ చేతికీ పాకుతుంది. నెల కిందట ఆమె నాకు చెప్పింది సరిగ్గా ఇదే.

అక్కడే కూర్చోబెట్టి, అమిల్ నైట్రైట్ గాజుగుళిక గుడ్డలో చిదిమి ముక్కు దగ్గర పెట్టాను. నాళాలను సడలించే మందది. మణికట్టు పట్టుకున్నాను గానీ కొట్టుకుంటున్నది ఆమె నాడో నా వేళ్ళో తెలియలేదు. ఇక్కడే పోతే? మెల్లగా మొహానికి ఎరుపెక్కింది. పిడికిలి విడింది.

బండి తోలుకొచ్చిన ఆమె కొడుకు అన్నాడు: "సెవులవి తీసేసినాము. విరుదునగర్‌లో మనవరాలికి సెవులు కుట్టిస్తే, బోసిసెవులతో రానని మాయమ్మ పోనే లేదు. ఇంకేం తియ్యమంటావు డాక్టరమ్మా, తలకాయనా?"

నేనూ రామక్క పక్కన నేల మీదే కూర్చున్నాను.

"తప్పు నాది. పాంబడాలు పెట్టుకో అక్కా," అన్నాను. "నీ గుండె సగం మేత తిన్న ఎద్దు. మోట నిండా తోడమనకు. నొప్పి వస్తే నిలబడిపో. ఈ మాత్ర నాలిక కింద పెట్టుకో."

నైట్రోగ్లిసరిన్ అది. బావుల్లో రాయి పేల్చే మందూ దానితోనే చేస్తారని నోరు జారాను.

"సెవులైనాయి, ఇప్పుడు గుండెను పేలుస్తావా?" అంది రామక్క. నవ్వింది గానీ, తిరిగి బండి దాకా నడిచినంతసేపూ నా చెయ్యి వదల్లేదు.

రెండేళ్ళు బతికింది. ఆ రెండేళ్ళూ గేటు దగ్గర బండి ఆగితే నా గుండె జారేది. చివరికి కూతురు వచ్చి చెప్పింది: మిరపకాయలు ఆరబోస్తూ ఉన్నట్టుండి ఒరిగిపోయిందట. మాత్రల సీసా కొంగుముడిలో, పాంబడాలు చెవులకు.

ఇప్పుడు దవడ అన్నా, భుజం అన్నా, నేను మొదట అడిగేది ఒకటే: "నడిస్తే వస్తుందా? నిలిస్తే నిలిచిపోతుందా?" కాలేజీలో నాకది నేర్పే పంపారు. రామక్క నోటి నుంచి వచ్చేసరికి మాత్రం వినిపించలేదు.