సాయంత్రానికి పండే అత్తరు

ఆ రోజుల్లో పోయినవాటిని లెక్కపెట్టుకునే ఓపిక నాకు చాలా ఉండేది, పోకుండా చూసుకునే తెలివి మాత్రం తక్కువ. అందుకే ఇప్పుడు అడిగినా తడుముకోకుండా చెప్పగలను. ఆ ఒక్క ఆదివారం చీరాలలో నేను పోగొట్టుకున్నవి ఇవి: అత్తరు బుడ్డి ఒకటి, అందులో ముప్పాతిక భాగం అత్తరుతో సహా, కొత్త చేతిరుమాళ్ళు రెండు, మా మావయ్య దగ్గర నాకున్న పరువు (అది ఎంత ఉండేదో ముందుగా కొలిచి పెట్టుకోలేదు), సుమారు ఇరవై నిమిషాల పాటు కంటిచూపు, పెళ్ళి సంబంధం ఒకటి. చూపు ఆ పూటే తిరిగి వచ్చింది. రుమాళ్ళు మళ్ళీ కొనుక్కున్నాను. మావయ్య కూడా రెండేళ్ళకు మామూలుగా మాట్లాడాడు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మాది మంగళగిరిలో నేతపని చేసుకునే ఇల్లు. మగ్గం ముందు కూర్చుంటే నా చేతులది ఒక లెక్క, కాళ్ళది ఒక లెక్కగా ఉండేది. అందుకని నన్ను మగ్గం మీంచి లేపి, అంకెల మీద కూర్చోబెట్టారు. బడి ఐదో తరగతితో ఆగినా, ఎక్కాలూ భిన్నాలూ వడ్డీలూ సొంతంగా నేర్చుకుని, గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్లో గుమాస్తాగా చేరాను. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త. పెద్ద పెద్ద వ్యాపారులే తికమకపడుతుంటే నేను నోటితో మార్చి చెప్పేవాడిని. ఆ గర్వం ఎంత ఉండేదో, ఒంటిమీద మిరప ఘాటు కూడా అంతే ఉండేది. రోజుకు రెండు వందల బస్తాల్లో చెయ్యి పెట్టి సరుకు చూడాలి. ఆ ధూళి గోళ్ళ సందుల్లో, అరచేతి గీతల్లో, జుట్టులో చేరి కాపురం పెట్టేది. నాలుగు బిందెల నీళ్ళు పోసుకున్నా కదిలేది కాదు. నాకది తెలిసేదే కాదు. నా ముక్కు కొట్లో చేరిన మూడో నెలకే పని మానేసింది. తెలిసేది ఎదుటివాళ్ళకు. నేను వచ్చి పక్కన కూర్చుంటే వాళ్ళు తుమ్మేవారు.

తుమ్మితే తుమ్మారు, అందులో పోయేదేముంది అనుకోవచ్చు. పెళ్ళిచూపుల్లో పోతుంది. శుభమా అని నలుగురు కూర్చున్నప్పుడు ఒంటి తుమ్ము పనికిరాదు, జంట తుమ్మయితే దోషం లేదు; ఇది మా పెద్దల లెక్క. మొదటి సంబంధం దగ్గర నేను కూర్చోగానే పిల్ల బాబాయి ఒక్కసారి తుమ్మాడు. రెండో చోట మూడు తుమ్ములు వచ్చాయి. (మూడు కూడా బేసి సంఖ్యే కదా అని వాళ్ళే గుర్తుచేశారు. నాకు చెప్పాలా!) రెండు సంబంధాలూ కాఫీ చల్లారకముందే చల్లారిపోయాయి.

మూడోది చీరాల సంబంధం. మా మావయ్య తెచ్చాడు. "ఒరేయ్, పిల్ల ఎట్లాంటిదనుకున్నావు! చీరకు పడుగు పోగులెన్ని కావాలో కాగితం పెన్సిలు లేకుండా చెబుతుందట్రా. వాళ్ళ నాన్నే తప్పు చేస్తే దిద్దుతుందట," అన్నాడు. ఆ మాటతో నాకు రెండు రోజులు నిద్ర లేదు. నాలాంటి మనిషి ఇంకొకరు ఈ లోకంలో ఉన్నారన్నమాట. ఈ సంబంధం తుమ్ముకు పోకూడదని గట్టిగా అనుకుని, కొట్ల బజారు చివర చెక్కపెట్టె ముందు కూర్చునే అత్తరు సాయిబు గారి దగ్గరికి వెళ్ళాను.

"ఏం కావాలయ్యా? మల్లె ఉంది, గంధం ఉంది, వట్టివేళ్ళు ఉన్నాయి."

"తుమ్ము రానిది కావాలి సాయిబు గారూ."

ఆయన పెద్దగా నవ్వి, పెట్టెలోంచి ఒక బుడ్డి తీసి మూత మీది చుక్కను నా జేబురుమాలుకు రాయబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. "ఇది గుడ్డ మీద చూసేది కాదు, కాగితం మీద చూసేది కాదు. ఒంటిమీద పండాలి. ముందు పచ్చిగా ఉంటుంది, కంగారుపడకు. తరవాత పువ్వు. ఆ పువ్వు పోయాక అసలుది వస్తుంది. పొద్దున రాసుకుంటే సాయంత్రానికి అది నీదవుతుంది."

"సరిగ్గా ఎన్ని నిమిషాలకండీ?"

"నిమిషాలేంటయ్యా! మనిషిని బట్టి. ఒకరి మీద పండినట్టు ఇంకొకరి మీద పండదు."

నిమిషాలు చెప్పలేని మనిషి మాటను లెక్కలోకి తీసుకోవడం నా వల్ల కాలేదు. బుడ్డి కొనుక్కుని, ఆ చివరి వాక్యాన్ని అక్కడే వదిలేసి వచ్చాను.

నా ముక్కు పనికిరాదు, నా ఒళ్ళు మిరపమయం. కాబట్టి పరీక్షకు ఇంకో ఒళ్ళు కావాలి. నా గదిలో ఉండే స్నేహితుడు బట్టల కొట్లో పనిచేసేవాడు. రోహిణి ఎండల్లో కూడా వాడికి చెమట పట్టేది కాదు. వాడి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉండేది. అందరూ 'కూజా' అని పిలిచేవాళ్ళు. మూడు ఆదివారాలు వాడి మణికట్టుకు చుక్క రాసి, గడియారం ముందు పెట్టుకుని, పది నిమిషాలకొకసారి వాసన చెప్పించాను. "ఒరేయ్, నన్ను మనిషిననుకున్నావా, అగరొత్తిననుకున్నావా?" అనేవాడు వాడు. అయినా చెప్పాడు, నేను పట్టిక గీసి రాసుకున్నాను. పది నిమిషాలకు పచ్చి ఆకు నలిపినట్టు, అందులో కాస్త కిరసనాయిలు. తరవాత మల్లె, ఒక్కసారిగా గదంతా. రెండు గంటలకు మల్లె వెళ్ళిపోయి గంధం. మల్లె వచ్చిన సమయం మొదటి వారం నలభై ఒక్క నిమిషం, రెండో వారం ముప్పై ఎనిమిది, మూడో వారం నలభై ఒకటి. సగటు సరిగ్గా నలభై. శేషం లేదు. శేషం లేని లెక్కంటే నాకు దేవుడితో సమానం. 'సాయంత్రం' అని ఇంకో గడి కూడా గీశాను కానీ, మూడు వారాలూ ఆ వేళకు కూజా సినిమాకు పోవడంతో అది ఖాళీగా మిగిలిపోయింది.

ఆ ఆదివారం తెనాలిలో రైలు మారి చీరాలలో దిగాం. పిల్లను పదీ నలభైకి చూపిస్తామన్నారు. అందుకని సరిగ్గా పదింటికి స్టేషను బయట కొళాయి దగ్గర ముఖం కడుక్కుని, మణికట్లకు, మెడకు, చెవుల వెనక రాసుకున్నాను. ఒక రుమాలుకు రాశాను. పెద్దమనిషిలా కనపడతానని చెవిలో అత్తరు దూది కూడా పెట్టుకున్నాను. "ఇంకాస్త పుయ్యరా, మూడో సంబంధం ఇది," అని మావయ్య బుడ్డి లాక్కుని రెండో రుమాలుకు కూడా ఒంపాడు. పావు బుడ్డి అయిపోయింది. ముందురోజు శనివారం, మంచి సీజను. చీకటి పడేదాకా మోచేతుల వరకు మిరపకాయల్లోనే ఉన్నాను. ఆ సంగతి నా పట్టికలో ఏ గడిలోనూ లేదు.

మమ్మల్ని మగ్గం ఉన్న గదిలోనే చాప వేసి కూర్చోబెట్టారు. పిల్ల తండ్రి, ఆయన తల్లి, పక్కింటి పెద్దమనిషి ఎదురుగా ఉన్నారు. ఏప్రిల్ నెల. గాలి లేదు. నాకు చెమట మొదలైంది. ముందు మెడ చురుక్కుమంది. తరవాత మణికట్లు. మిరప మంట నీళ్ళకు లొంగదు. నూనె తగిలితే లేచి, ఆ నూనె ఎటు పోతే అటు పోతుంది. అత్తరూ నూనేనని నాకు అప్పటిదాకా తట్టలేదు. నుదుటి మీది చెమట తుడుచుకున్నాను, అదే రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాను. పది నలభై ఐదుకు (అయిదు నిమిషాలు ఆలస్యం వాళ్ళదే) కాఫీ పళ్ళెంతో పిల్ల వచ్చింది. పసుపు రాసిన పాదాలు, పళ్ళెం పట్టుకున్న వేళ్ళు కనిపించాయి. ముఖం చూద్దామని తల ఎత్తేసరికి రెండు కళ్ళూ మూసుకుపోయాయి. బుగ్గల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"అదేంటయ్యా, పిల్లోడు ఏడుస్తన్నాడు?" అంది ముసలావిడ.

"సంతోషమండీ," అన్నాడు మావయ్య.

అప్పుడు మొదలయ్యాయి. మల్లె రావలసిన వేళకు నా ఒంటిమీంచి మాడిన తాలింపు మీద మందుసీసా ఒలికినట్టు ఏదో లేచిందట. ముసలావిడ నాలుగు తుమ్మింది. తండ్రి మూడు. పక్కింటాయన రెండు. మావయ్య (మనవాడై ఉండి) రెండు. కళ్ళు మూసుకునే లెక్కపెట్టాను. పదకొండు. ఎదురుగా ఎవరో 'పదకొండు' అని గొణిగారు. అక్కడున్న అందరూ లెక్కపెట్టారని నాకు అర్థమైంది.

"అమ్మా, ఇంకొకటి వస్తే పన్నెండు, జంటే అవుతుంది. కాసేపు చూద్దామా?" అన్నాడు తండ్రి. మంచి మనిషి. అందరం పన్నెండో తుమ్ము కోసం ఎదురుచూశాం. అది రాలేదు. మావయ్య ఆగలేక మగ్గం దగ్గర నూలుపోగు ఒకటి తెంపి ముక్కులో పెట్టుకోబోయాడు.

"తెప్పించుకున్న తుమ్ము చెల్లదు బాబూ!" అంది ముసలావిడ. అంతటితో తీర్పు అయిపోయింది.

నన్ను పెరట్లోకి ఎవరో నడిపించారు. నేను బావి గట్టు తడుముకుని నీళ్ళ కోసం చెయ్యి చాచాను. "నీళ్ళొద్దండీ, ఇంకా మండుద్ది. ఇదిగో మజ్జిగ, దీంతో కడుక్కోండి," అని ఒక ఆడగొంతు వినిపించింది. గిన్నె నా చేతికి తగిలింది. "మిరపకాయలు ముట్టుకున్న చేతులకు నూనె రాసుకుంటారాండీ ఎవరైనా?"

"నూనె కాదండీ, అత్తరు."

"అత్తరు నూనె కాదా?"

మజ్జిగతో కళ్ళు కడుక్కున్నాను. చల్లగా ఉంది.

"పోనీ, ఆ వాసన అసలు బాగుంటుందా?" అంది.

"సాయంత్రానికి బాగుంటుందటండీ."

"సాయంత్రం దాకా ఎవరుంచుతారండీ?" అని నవ్వింది. అంత ఇబ్బందిలోనూ ఆ నవ్వులో ఎగతాళి లేదని తెలుస్తూనే ఉంది. లోపలినుంచి ఎవరో పిలిచారు. ఇందాక కాఫీ పళ్ళెంతో వచ్చిన గాజుల చప్పుడే, దూరమైంది. నా కళ్ళు తెరుచుకునేసరికి పెరట్లో ఖాళీ గిన్నె ఉంది. అత్తరు బుడ్డి, రుమాళ్ళు అక్కడే ఎక్కడో వదిలేసి వచ్చేశాం.

తిరుగు ప్రయాణంలో మావయ్య నాకు దూరంగా కూర్చున్నాడు. సాయంత్రం ఐదున్నరకు తెనాలి ప్లాట్‌ఫారం మీద గుంటూరు బండి కోసం ఎదురుచూస్తుంటే, పక్కన గంప పెట్టుకుని కూర్చున్న ఒక ముసలమ్మ నావైపు వంగింది. "ఏం పూలు నాయనా? ఎక్కడ కొన్నావు?" అంది. నా దగ్గర పూలెక్కడివి? మణికట్టు ఎత్తి చూసుకున్నాను. మంట ఎప్పుడో చల్లారింది. మూడు నెలలకే పని మానేసిన నా ముక్కుకు కూడా అందింది ఆ వాసన. అరగదీసిన గంధం, ఎండిన చేను మీద మొదటి చినుకు, వాటి అడుగున ఎక్కడో వెచ్చగా, కమ్మగా, ఎర్రగా ఎండిన మిరపకాయ. కూజా చెప్పినవేవీ కావు. అది నా ఒంటిమీద తప్ప ఇంకెక్కడా పుట్టని వాసన. జేబులోంచి పట్టిక తీసి, ఖాళీగా ఉన్న సాయంత్రం గడిలో ఏం రాయాలో తెలియక, 'బాగుంది' అని రాశాను.

ఆ అమ్మాయికి మరుసటి ఏడాది పెళ్ళయిందని విన్నాను. నాకు నాలుగో సంబంధం కుదిరింది. ఆ ఇంట్లో అప్పుడు అందరికీ జలుబు కాబట్టి తుమ్ములను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మా ఆవిడ మంచిది. నేను ఇల్లు చేరుతున్నది వీధి మలుపులోనే తనకొచ్చే తుమ్ముతో తెలిసిపోతుందని, అప్పుడే అన్నం వారుస్తానని అంటుంది. నేను మళ్ళీ అత్తరు జోలికి పోలేదు. అయినా సాయంత్రం ఏ స్టేషనులోనైనా రైలు కోసం కూర్చోవలసి వస్తే, ఎవరూ చూడకుండా మణికట్టు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఆ ఇంటి నుంచి నాకు రావలసిన ఒక తుమ్మును ఎప్పుడో లెక్కలోంచి కొట్టేశాను. ఆ అమ్మాయి చూసిన నాకూ, ఆమెకు నేను చూపించవలసిన నాకూ మధ్య తేడాను మాత్రం ఎన్నిసార్లు కూడి తీసి చూసినా ఒక్క నిమిషం తగ్గలేదు. నా వైపు నుంచి ఆమెకు ఇంకా బాకీ, పది నలభై ఐదు నుంచి ఐదున్నర దాకా, ఆరూ ముప్పావు గంటలు.