నునుపు బాబాయికి పరిహారం
కుర్చీలు, బల్లలు చేసే కార్ఖానాలో ఆ వడ్రంగిని అందరూ నునుపు బాబాయి అంటారు. ఏ చెక్క కనిపించినా కళ్లు మూసుకుని ఎడమచేతి చూపుడువేలితో నిమరకుండా ఉండలేడు. చుట్టపుచూపుగా వెళ్లినా ముందు గుమ్మాన్ని పలకరించి, తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు. ఆ వేలి కొసే మొన్న రంపం మిషన్‌కి తెగిపోయింది. పనికి వెళ్లక జీతం ఆగింది. అయినా పరిహారం మాత్రం వద్దని భీష్మించుకు కూర్చున్నాడు.

"పరాకుగా ఉన్నది నేను. తప్పు చేసినవాడు కదా పరిహారం ఇచ్చుకోవాలి, యజమాని ఎందుకిస్తాడు?" అన్నాడు, ఇంటికొచ్చిన కార్ఖానా గుమాస్తాతో.

"ఆ మాట పట్టుకుని వేలాడకండి బాబాయ్. ఇక్కడ తప్పెవరిదని అడగరు. దెబ్బ పనిలో తగిలిందా, లేదా? అంతే. వైద్యం ఖర్చూ, మానేదాకా జీతంలో కొంతా వస్తాయి."

వంటింట్లోంచి భార్య అందుకుంది. "పనిలోనే తగిలింది నాయనా, నేను సాక్ష్యం. ఇంట్లో ఈయన ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టరు."

బాబాయికి నవ్వాగలేదు. నవ్వుతూనే పక్కవేలితో బల్ల అంచు నిమిరాడు. ఆ వేలికీ నునుపు తెలుస్తోంది. "సరే, రాసుకో" అన్నాడు.

గుమాస్తా అటు వెళ్లగానే ఆవిడ, ఎప్పట్నుంచో కాలు ఊగుతున్న ముక్కాలిపీట తెచ్చి ముందు పెట్టింది. "చెయ్యి మానాకైనా దీని సంగతి చూస్తారా?"

బాబాయి పీటని ఆప్యాయంగా ఓసారి నిమిరి పక్కకి జరిపాడు.

"ఇంట్లో తెగిన వేలికి పరిహారం రాదటే."