ఆ కాలు చెడింది తడి వల్ల కాదు

ఆరేళ్లు మోశాను. పోయిన నెల ఒక ఇంట్లో ముగ్గురి ముందు దించాను. ఇప్పుడు మీ ముందు దించుతున్నాను. నా పేరు అడగకండి. నేను పనిచేసే ఆసుపత్రి పేరూ చెప్పను. నా తప్పులో దానికి వాటా లేదు.

నేను గుండె ఆపరేషన్లలో సహాయం చేసే డాక్టర్ని. గుండెకు వెళ్లే రక్తనాళాలు పూడుకుపోయినప్పుడు, ఆ అడ్డం దాటించి రక్తం వెళ్లడానికి కొత్త దారి వేస్తారు. ఆ దారికి కావలసిన గొట్టాన్ని రోగి కాలి నుంచే తీసుకుంటారు. చీలమండ దగ్గర మొదలై తొడ దాకా చర్మం కిందుగా పోయే పొడవాటి సిర అది. దాన్ని తీసేసినా కాలు బతుకుతుంది. లోపల రక్తాన్ని ఒకవైపే పోనిచ్చే చిన్న చిన్న తలుపులుంటాయి కనక తలకిందులు చేసి గుండెకు కుడతారు. పెద్ద డాక్టరు గారు ఛాతీ తెరుస్తుంటే, అదే సమయంలో కాలు కోసి ఆ సిర తీసేవాణ్ణి నేను. ఆపరేషన్ అయ్యాక అందరూ గుండె గురించే అడుగుతారు. కాలి గురించి ఎవరూ అడగరు. నన్నెవరూ అడగకపోవడం కూడా నా తప్పు దాగడంలో భాగమే.

తొంభైల మొదట్లో నర్సింగరావు గారు మా దగ్గర రోగిగా చేరారు. చిక్కడపల్లి సందులో చిన్న ప్రెస్సు ఆయనది. కాలితో తొక్కే ట్రెడిల్ మిషను మీద పెళ్లి కార్డులు, కరపత్రాలు అచ్చువేసేవారు. యాభై దాటిన మనిషి. షుగరు ఉంది. ఆపరేషన్ ముందురోజు ఆయన నన్ను ఒకటే అడిగారు, కుడికాలు వదిలేసి ఎడమకాలు కొయ్యరాదా అని. మిషను తొక్కేది కుడికాలితో అట. ఎడమకాలి సిర సన్నగా, మెలికలు తిరిగి ఉంది, పనికి రాదు. కుడికాలి సిరే తియ్యాలి, రెండు నెలల్లో మళ్లీ తొక్కుకోవచ్చు అని మాటిచ్చాను.

ఆపరేషన్లో తొడ దగ్గర నాకు సిర దొరకలేదు. కోత పెట్టిన చోటు తప్పు. రెండు వేళ్లు పక్కకి పెట్టాను. తప్పు అని తెలియగానే ఆగి, మేము పెద్దాయన అని పిలిచే ఆ పెద్ద డాక్టరు గారికి చెప్పి, సరైన చోట ఇంకో చిన్న కోత పెట్టి ఉండాల్సింది. అటు ఛాతీ తెరిచి ఉంది. "ఏమయ్యా, అయిందా?" అని రెండుసార్లు పిలుపొచ్చింది. నేను తప్పు కోతలోంచే వెతుక్కుంటూ పోయాను. చర్మాన్ని కింది కొవ్వు నుంచి అరచెయ్యంత మేర లేపేశాను. అలా లేపిన చర్మానికి రక్తం అందదు. షుగరు ఉన్నవాడికి అసలే అందదు. సిర దొరికింది, మంచిదే దొరికింది. ఆయన గుండె ఈ రోజుకీ దాని మీదే నడుస్తోంది. కుట్లు వేసేటప్పుడు నెత్తురు ఇంకా ఊరుతోందని చూశాను. అది బయటికి పోవడానికి గొట్టం పెట్టాలి. పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని ఆరేళ్లు నన్ను నేను అడిగాను. అలసట అనుకున్నాను కొన్నాళ్లు. కాదు. గొట్టం పెడితే పెద్దాయన "ఎందుకు పెట్టావు?" అని అడుగుతారు. అదీ కారణం.

ఇంతవరకు జరిగింది పొరపాటే. ఎవరి చేతనైనా జరిగేదే. తప్పు ఆ తర్వాత మొదలైంది.

ఇంటికి పంపే రోజు కట్టు విప్పి చూశాను. తొడ దగ్గర కుట్ల అంచు నల్లబడుతోంది. చూసిన క్షణంలోనే తెలిసింది. అప్పుడే పెద్దాయనకు చూపిస్తే చచ్చిన అంచు కోసేసి పది రోజులు దగ్గర పెట్టుకుని మాన్పేవాళ్లం. అప్పట్లో నన్ను ఆసుపత్రిలో శాశ్వతంగా తీసుకునే మాట నడుస్తోంది. కొత్త కట్టు కట్టాను. కాగితం మీద "గాయం బాగుంది" అని రాసి సంతకం పెట్టాను.

పన్నెండో రోజుకి తిరిగొచ్చారు. ఆయనకి జ్వరం. కట్టు తీస్తే చీము, వాసన. తొడ మీద కుట్లు విచ్చుకుని ఉన్నాయి. ఆ మంచం దగ్గర మేము అయిదుగురం. పెద్దాయన, నేను, రోగి, ఆయన భార్య విమలమ్మ, ఆయన అక్క. ఆ ఇంట్లో ఆ అక్కగారి మాటే చెల్లుతుంది.

"ఇలా ఎందుకైంది?" అన్నారు పెద్దాయన నావైపు చూస్తూ.

నేను ఆయన కళ్లలోకి చూడలేదు. విమలమ్మ వైపు తిరిగాను. "ఇంట్లో కాలికి తడి తగిలిందా అమ్మా?" అన్నాను.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "ఒక్కసారి డాక్టర్ సాబ్. ఒళ్లు తుడుస్తుంటే జర తడి తాకింది. ఎంటనే పొడిగుడ్డతోని అద్దిన."

"అదే సార్" అన్నాను నేను.

ఆ రెండు మాటలే. వాటికోసమే ఇదంతా రాస్తున్నాను.

"నేను చెప్పలే?" అంది అక్కగారు. "గా కాలు దగ్గర నీళ్లు పెట్టకు పెట్టకు అని మొత్తుకుంటనే ఉన్న. ఇన్నదా?" పెద్దాయన విమలమ్మకు జాగ్రత్తలు చెప్పారు. గట్టిగానే చెప్పారు. నర్సింగరావు గారు భార్యను ఒకసారి చూసి, ముఖం గోడవైపు తిప్పుకున్నారు. విమలమ్మ తన రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

ఆ కాలు మానడానికి నాలుగు నెలలు పట్టింది. రెండోకాలి నుంచి చర్మం తీసి అతికించాల్సి వచ్చింది. ఆ చర్మం బిగుసుకుపోయింది. సాయంత్రానికి పాదం వాచేది. ట్రెడిల్ తొక్కడం ఇక కుదరలేదు. మిషనుకు ఇంకొకర్ని పెట్టుకుని, ఆయన కూర్చుని ప్రూఫులు దిద్దుకునేవారు. కట్లు కట్టడమంతా అక్కగారే చూసుకున్నారట. విమలమ్మను దగ్గరికి రానివ్వలేదట. నా ఉద్యోగం ఖాయమైంది.

నేను అశోక్‌నగర్‌లో గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి. కోస్తా నుంచి వచ్చినవాణ్ణి, ఊళ్లో నాకెవరూ లేరు. నారాయణగూడ వెళ్లాలంటే చిక్కడపల్లి మీదుగా పది నిమిషాల నడక. ఆ ప్రెస్సు సందు తప్పించుకోవడానికి బాగ్ లింగంపల్లి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. ఎవరైనా అడిగితే నడక ఆరోగ్యానికి మంచిదనేవాణ్ణి. మనిషి తనకు తాను ఎన్ని రకాలుగా అబద్ధం చెప్పుకోగలడు? నేను చెప్పుకున్నవి వినండి. షుగరు ఉన్న కాలు, ఎలాగూ చెడేదేమో. ఆమె నిజంగానే తడి తగిలించిందిగా, నేను కల్పించలేదుగా. గుండె బాగుందిగా, మనిషి బతికాడుగా. ఒక్కోదాన్నీ ఒక్కో ఏడాది నమ్మాను. ఏదీ చివరిదాకా నిలవలేదు.

ఎంత చుట్టూ తిరిగితే ఏం లాభం, విమలమ్మ నారాయణగూడ మార్కెట్లో ఎదురుపడేది. నేను చూడనట్టు పోబోతే ఆమే పిలిచేది. ఒకసారి బెండకాయలు ఏరుతూ, పక్కనున్న ఆవిడకు నన్ను పరిచయం చేసింది. "మా ఇంటాయనను బతికిచ్చిన డాక్టర్ సాబ్ ఈయనే. వీళ్లు మంచిగనే చేసిండ్రు. ఖరాబ్ చేసింది నేనే." నేను నవ్వాను. అవును, నవ్వాను. అది కూడా రాయాలి.

ఈ ఏడాది మొదట్లో మళ్లీ కనిపించింది. కూతురు పురిటికి వచ్చిందనీ, మనవరాలు పుట్టిందనీ ముఖం నిండా సంతోషంతో చెప్పింది. ఏదో మాట్లాడాలి కాబట్టి, "అయితే పాపకు రోజూ స్నానం మీరే పోస్తున్నారన్నమాట" అన్నాను.

"లేదు సారూ, మా వదిన పోస్తది. నా చెయ్యి మంచిది కాదు కద, నేను నీళ్లు పొయ్య."

బాధపడుతూ అనలేదు ఆ మాట. తన ఎత్తు ఎంతో, తన ఊరు ఏదో చెప్పినట్టు చెప్పింది. మాట పూర్తిచేసి కొత్తిమీర బేరమాడుకుంది.

నేను అక్కడే నిలబడిపోయాను. అంతవరకు నా తప్పు ఒక కాలిదనుకున్నాను. ఒక మనిషి తన చేతుల్ని తానే నమ్మడం మానేసిందని, కన్నకూతురి బిడ్డను కూడా ముట్టుకోవడానికి భయపడుతోందని, అందుకు కారణం నా రెండు మాటలని ఆ రోజు కూరగాయల మధ్య తెలిసింది. చెప్పాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. నిశ్చయించుకున్నాక కూడా మూడు నెలలు వెళ్లలేదు.

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. నర్సింగరావు గారు కాలు పీట మీద పెట్టుకుని కుర్చీలో ఉన్నారు. అక్కగారు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. విమలమ్మ చాయ్ పెడతానని లేస్తే, ముందు కూర్చోమన్నాను. కోత తప్పు పెట్టడం, గొట్టం పెట్టకపోవడం, నల్లబడ్డ అంచును కట్టు కింద దాచడం, అన్నీ చెప్పాను. ఒకసారి తాకిన తడికి అలా కాదని, అది నా చేతి పని అని చెప్పాను. అంతా కాగితం చూసి చదివినట్టు వచ్చింది. నాకే ఆశ్చర్యం వేసింది.

అక్కగారే ముందు తేరుకున్నారు. "అయిపోయిన ముచ్చట గిప్పుడెందుకు బాబూ" అన్నారు.

"నువ్వాగు వదినా" అంది విమలమ్మ. ఆవిడ మాటకు ఆమె అడ్డం చెప్పడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరనుకుంటాను. నావైపు తిరిగింది. "ఇంటికి తోలేటప్పుడే తెల్సా మీకు?"

"తెలుసు."

"మరి నన్నెందుకు అడిగిండ్రు, తడి తాకిందా అని?"

దీనికి నేను జవాబు సిద్ధం చేసుకుని వెళ్లలేదు. అయినా వచ్చింది. "ఏ ఇంట్లోనైనా ఒకసారి తాకే ఉంటుంది. మీరు దాచకుండా చెప్తారని అడిగాను."

ఆమె తల ఊపింది. "మల్ల చెప్పండి" అంది. "మొదటి సంది చెప్పండి. వదినకు సమజ్ కాలే."

మళ్లీ చెప్పాను. మొదటిసారి డాక్టరులా చెప్పాను, రెండోసారి అలా చెప్పలేకపోయాను. అక్కగారి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. నర్సింగరావు గారు నన్ను చూడటం లేదు. భార్యను చూస్తున్నారు. ఆమె ఆయన వైపు చూడలేదు.

"ఇగ పోండి" అంది నాతో. అంతే. తిట్టలేదు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అడిగే హక్కు ఉందనుకోలేదు. నేను వచ్చేశాక ఆ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో, ఏం మారిందో నాకు తెలియదు. తెలుసుకోవడానికి వెళ్లను.

సందులోంచి రోడ్డు మీదికి వచ్చాను. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. ఆకలేసింది. హోటల్లో కూర్చుని కడుపునిండా తిన్నాను. ఇంత చేసినవాడికి ఇంత తేలిక తగునా అని ఒకపక్క సిగ్గు. అయినా తేలిగ్గానే ఉంది, ఏం చెయ్యను? మర్నాడు పెద్దాయనకూ చెప్పాను. కొన్నాళ్లు కాళ్ల పని నాకివ్వలేదు. అది న్యాయమే.

నాలుగు రోజుల కిందట మళ్లీ ఒక కాలు నా చేతికి వచ్చింది. ఇవాళ కట్టు విప్పితే ఒకచోట అంచు కొంచెం కమిలి ఉంది. పెద్దాయనను పిలిచాను. ఆ రోగి కొడుకునీ లోపలికి పిలిచి చూపించాను. "ఇక్కడ నేను సరిగ్గా చెయ్యలేదు. ఇంకో వారం ఉంచుకుని బాగుచేస్తాం" అన్నాను. కుర్రాడు కోపంతో ఊగిపోయాడు. వార్డంతా వినేలా నానామాటలూ అన్నాడు. తల వంచుకుని నిలబడి అన్నీ విన్నాను. వింటున్నంతసేపూ నాకు హాయిగా ఊపిరి ఆడింది.