నడవకుండానే కాలిన మిషన్

సరళ మా షెడ్డులో అడుగుపెట్టిన రోజే నాకు ఒళ్ళు మండింది. ఖమ్మం శివార్లలో చెంచురామయ్య గారిది చిన్న వర్క్‌షాపు. అడ్డాకుల విస్తర్లను వేడి అచ్చుతో ఒత్తే మిషన్లు చేస్తాం. నేను అందులో ఫిట్టర్‌ని, పేరు భిక్షం. నేను బిగించిన మిషన్ చుట్టూ ఆ పిల్ల ఒకసారి తిరిగి, చేతులు కట్టుకుని, "అన్నా, ఇది ఎట్ల చెడిపోతది?" అని అడిగింది. ఎట్లా పనిచేస్తుందని అడిగినవాళ్ళను చాలామందిని చూశాను. పుట్టీ పుట్టకముందే ఎట్లా చస్తుందని అడిగిన మనిషిని చూడటం అదే మొదలు.

ఇది 2006 నాటి మాట. అడవి గూడేల్లోని ఆడవాళ్ళ సంఘాలకు సర్కారు తరఫున ఈ మిషన్లు ఇచ్చే ఆర్డరు మాకు దొరికింది. మాటిమాటికీ చెడిపోతే ఆర్డరు చేజారుతుందని చెంచురామయ్య గారు సరళను తెచ్చుకున్నారు. అంతకుముందు ఆమె హైదరాబాదులో ఫ్యాన్ల ఫ్యాక్టరీలో పనిచేసింది. సరుకు బయటికి పోకముందే అది ఎక్కడ, ఎందుకు, ఎన్నాళ్ళకు చెడుతుందో కనిపెట్టడం ఆమె పని. దానికి రిలయబిలిటీ అని పెద్ద పేరు ఉంది. మా షెడ్డులో మాత్రం అనుమానాల డిపార్ట్‌మెంట్ అనేవాళ్ళం.

ఆమెది ఇల్లందు పక్కన ఒక తండా. తండ్రి హేమ్లా బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. బాయిలోకి దిగినవాళ్ళు కూలుతుందేమోనని పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విన్నాకే అడుగు ముందుకు వేస్తారట. "మా బాపు ఇంటికొచ్చినంక గూడ గోడలు తట్టేటోడు. నాకు గదే బుద్ధి వచ్చింది" అని నవ్వేది. ఖానాపురం హవేలిలో కిరాయికి ఉండేది. షేర్ ఆటో ఎక్కేముందు వంగి టైర్లు చూసేది. మా షెడ్డుకు టీ తెచ్చే పుల్లమ్మ గ్లాసు చేతికిస్తే, వెలుతురుకు పట్టి చూసిగానీ తాగేది కాదు. పుల్లమ్మ మూతి మూడు వంకర్లు తిప్పేది.

పని దగ్గర మాత్రం ఆ అనుమానం అక్కరకొచ్చింది, కాదనను. ప్రతి భాగాన్నీ బల్ల మీద పెట్టి నన్ను నిలదీసేది. ఇది ఎట్లా చెడుతుంది? చెడితే ఎవరికి దెబ్బ? చెడబోతోందని ముందే ఎట్లా తెలుస్తుంది? పై అచ్చును ఎత్తిపట్టే పెడల్ స్ప్రింగు తెగితే ఆ అచ్చు వచ్చి వేళ్ళ మీద పడుతుందని ఆమె అనేదాకా నాకు తట్టనే లేదు. ఆ స్ప్రింగు మార్పించి, పైన అడ్డుపట్టీ వేయించింది. తర్వాత రెండు మిషన్లను వారాల తరబడి ఆపకుండా నడిపించింది. హీటరు మాడుతుందేమో, వైరు కరుగుతుందేమో అని పక్కనే స్టూలేసుకుని కూర్చుంది. ఏదీ చెడలేదు. అప్పుడుగానీ సరుకును లారీ ఎక్కనివ్వలేదు.

తొలకరికి మిషన్లు గూడేలకు చేరాయి. వానలు తగ్గుముఖం పట్టేదాకా ఎక్కడినుంచీ ఫిర్యాదు రాలేదు. ఆ తర్వాత ఒక గూడెం నుంచి కబురొచ్చింది. స్విచ్ వేయగానే ఫట్‌మని పేలి ఫ్యూజు పోయిందట. రెండో మిషన్‌దీ అదే కథ. రోడ్డు పక్క ఊళ్ళకిచ్చినవి శుభ్రంగా నడుస్తున్నాయి. భద్రాచలం దాటి, అడవి లోపలున్న ఆ కోయగూడెంలోవే పోయాయి.

చెంచురామయ్య గారికి ఆలోచించే పనే లేకపోయింది. "అడవిలో వాళ్ళ చేతికి మిషన్లిస్తే ఇంతేనమ్మా. నీళ్ళు పోసుంటారు. నువ్వు పోయి చూసి, వాళ్ళ తప్పేనని రిపోర్టు రాయి. అవి బాగుచేసి ఇంకో ఊరికిద్దాం" అన్నారు.

సరళకూ నాకూ కూడా లోపల అదే అనుమానం. జీపు మాట్లాడుకుని పోయాం.

ఆ గూడెంలో సంఘం పెద్ద గంగక్క. మిషన్ల కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది ఆమే. చేత్తో కుట్టిన విస్తరికి షావుకారు చెప్పిందే ధర. అచ్చులో ఒత్తిన విస్తరైతే భద్రాచలం హోటళ్ళవాళ్ళే నేరుగా కొంటామన్నారు. మిషన్ పోయిందంటే ఆ ఆడవాళ్ళంతా మళ్ళీ షావుకారు గడప తొక్కాల్సిందే. ఆ సంగతి గంగక్క ముఖంలోనే కనబడుతోంది.

"మిషన్ రోజు నడిపిండ్రా?" అని అడిగింది సరళ.

"అవ్, రోజు నడిపినం," అంది గంగక్క.

సరళ పై అచ్చు ఎత్తి లోపల వేలితో రాసింది. వేడి అచ్చు కింద ఆకు నలిగితే పసరు నల్లగా అంటుకుంటుంది, ఎంత తుడిచినా పోదు. ఇక్కడ అచ్చు తళతళలాడుతోంది. మా షెడ్డులో నేను రుద్దిన మెరుపే ఇంకా ఉంది. సరళ నా వైపు చూసి, "ఒక్క విస్తరన్న ఒత్తలేదన్నా. అబద్ధం చెప్తుంది" అని గొణిగింది.

ఆడవాళ్ళు కోయలో తమలో తాము ఏదో అనుకున్నారు. మాకు ఆ భాష రాదు. మమ్మల్నే తిడుతున్నారేమోనని నేను చెవులు రిక్కించాను.

"దీని మీద నీళ్ళు పోసిండ్రా?" సరళ గొంతు గట్టిగానే లేచింది.

"మేమెందుకు పోస్తం? పోలీసోళ్ళ లెక్క అడుగుతవేంది?" అంటూ గంగక్క లేచి నిలబడింది.

మిషన్లు జీపులోకి ఎక్కించాం. గంగక్క జీపు తలుపు పట్టుకుని, "మళ్ళ తెస్తరా?" అని అడిగింది. "చూస్తం" అంది సరళ. గంగక్క తలుపు వదలడానికి చాలాసేపు పట్టింది.

షెడ్డులో విప్పి చూస్తే హీటరు కడ్డీలు లోపల షార్టయ్యాయి. "నీళ్ళే, ఇంకేముంది" అన్నాను నేను. రిపోర్టుకు అంతకుమించి అక్కర్లేదు. కానీ సరళ తలూపలేదు. "నీళ్ళు పోస్తే స్క్రూలకు తుప్పు పట్టాలె గదన్నా. అడుగు రేకుకు పట్టాలె. ఏది చూపియ్యి?" అంది. ఎక్కడా తుప్పు లేదు. ఆమెకు గంగక్క మీద అనుమానం ఉంది, తన అనుమానం మీద అంతకంటే ఎక్కువ అనుమానం ఉంది. అలాంటి మనిషితో వేగడం నాకు కష్టంగానే ఉండేది.

ఆ హీటరు కడ్డీ ఒక ఇనుప గొట్టం. లోపలి తీగ గొట్టానికి తగలకుండా చుట్టూ తెల్లటి పొడి కూరి ఉంటుంది. సరళ ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఉన్నట్టుండి తలెత్తి మూలకు చూసింది. అక్కడ లారీలో పట్టక మిగిలిపోయిన మా మిషన్ ఒకటి, వానాకాలమంతా అట్లాగే పడి ఉంది.

"దాన్ని ఎప్పుడన్న నడిపినవా అన్నా?"

"ఎందుకు నడుపుతా?"

కరెంటు లీకు చూసే మీటరు తెచ్చి తగిలించింది. ముల్లు పూర్తిగా పడిపోయింది, అంటే లోపల లీకే. ఒక్క చుక్క నీళ్ళు తగలని మిషన్ అది. స్విచ్ వేస్తే అదీ పేలేదే.

సరళ మీటరు తీసి పక్కన పెట్టింది. "తప్పు మనదేనన్నా. ఈ పొడి గాలిలో తడి తాగుతది. నేను మిషన్లను ఆపకుండ నడిపిన. వేడికి ఎండిపోయినదాన్నే మళ్ళ మళ్ళ పరీక్ష చేసిన. వానకాలమంత పక్కన పెట్టి, అప్పుడు స్విచ్ వేసి చూడాల్నని తోచలే నాకు." లోకంలో ప్రతిదాన్నీ అనుమానించిన మనిషి, మిషన్ చేతికొస్తే ఎవరైనా ఆ రోజే నడుపుతారని మాత్రం నమ్మేసింది. ఆ రోజు మొదటిసారి ఆమెను చూస్తే నాకు జాలేసింది.

మర్నాడు యజమానికి చెప్పకుండానే మళ్ళీ గూడేనికి పోయాం. ఈసారి నా బండి మీద.

"గంగక్కా, మిషన్ల తప్పు మీది గాదు, మాది. తడికి పాడైనయి" అంది సరళ నిలబడే.

గంగక్క నమ్మలేదు. "గిది చెప్పనీకి గింత దూరం వచ్చినవా? మాతోని ఏం ఏలిముద్ర ఏపిచ్చుకుంటవ్?"

"ఏం వద్దు. వానకాలమంత ఎందుకు నడపలేదో ఒక్కటి చెప్పు. తెలువకపోతే నేను మంచిగ చెయ్యలేను."

గంగక్క మిగతా ఆడవాళ్ళ ముఖాలు చూసింది. వాళ్ళలో పెద్దామె తల ఊపాక నోరు విప్పింది. "కొత్తాకు గద. వానలకు వచ్చిన కొత్తాకును పండగ చెయ్యకుండ మా గూడెంల ముట్టం. మిషన్ వచ్చేటాళ్ళకు పాతాకు అయిపాయె. పండగైనంక స్విచ్ ఏసినం, పేలింది."

"మరి గదే నాడు చెప్తే అయిపోతుండె గద!"

"చెప్తే? వాడుకుంటలేరని గుంజుకపోతరు. ముందుగాల కుట్టుమిషన్లు గట్లనే తీస్కపోయిండ్రు."

తిరిగొచ్చాక సరళ రిపోర్టు రాసింది, తప్పు మనదేనని.

చెంచురామయ్య గారు రిపోర్టు చదివి బల్ల మీద విసిరారు. "వాళ్ళు అబద్ధం చెప్పారా లేదా? అది చెప్పు ముందు."

"చెప్పిండ్రు సార్. నిజం చెప్తే మిషన్లు గుంజుకపోతరని అనుమానపడ్డరు. మీరు చేస్తనంటున్నది గదే గద."

నాకు లోపల పండగ్గా ఉంది. అయినా ఆ మాటకే ఆయన మనసు కరిగిందని చెప్పను, ఆయన సంగతి నాకు తెలుసు. రోడ్డు పక్క ఊళ్ళలోని మిషన్లు కూడా ఎప్పుడైనా కొన్నాళ్ళు ఆపితే పేలతాయని సరళ అన్నాకే దిగొచ్చారు.

హీటరు కొసలకు తడి పోకుండా సీలు వేశాం. మొదట కాసేపు తక్కువ వేడితో లోపలి తడి ఆరాకే పూర్తి వేడి వచ్చేలా స్విచ్ మార్చాం. ఆ తర్వాత సరళ మిషన్లకు తడి గోనెసంచులు కప్పించి, షెడ్డు వెనక వారాల తరబడి ఉంచింది. "మిషన్లకు జరమొచ్చిందా ఏంది?" అని పుల్లమ్మ ఎగతాళి చేసింది. ఆ తడిలోంచి తీసి స్విచ్ వేస్తే ఒక్కటీ పేలలేదు. ముందుగా గంగక్క గూడేనికే పంపాం. ఎండాకాలమంతా వాళ్ళ విస్తర్లు భద్రాచలం పోయాయి.

మళ్ళీ వానలొచ్చాయి. మిషన్లు ఎట్లా వాడుతున్నారో చూడటానికి పై ఆఫీసరు ఒకాయన గూడేనికి వచ్చాడు. చెంచురామయ్య గారు, సరళ, నేను వెంట ఉన్నాం. మిషన్ మీద గోనెసంచి కప్పి ఉంది. చెంచురామయ్య గారు గంగక్కకు కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నారు.

"రోజూ నడుపుతున్నారామ్మా?" అన్నాడు ఆఫీసరు.

'అవ్' అంటే సరిపోతుంది. గంగక్క సరళ వైపు చూసింది.

"లేదు సారూ. కొత్తాకు పండగ గాలే. అయినంక నడుపుతం."

ఆఫీసరు కనుబొమలు ముడేశాడు. "వాడకుండా పెట్టుకుంటే ఎట్లా? అడిగే ఊళ్ళు చాలా ఉన్నాయి."

సరళ ముందుకొచ్చింది. "ఖాళీగ ఉండనీకే దీన్ని చేసినం సార్. ఎన్ని దినాలు పక్కన పెట్టినా చెడిపోదు. పండగ నాడు వచ్చి చూడండి." ఆయన చెంచురామయ్య గారి వైపు తిరిగాడు. మా యజమాని రెండుసార్లు గుటకలు మింగి, "అవును సార్, అట్లాగే చేశాం" అన్నారు. ఆఫీసరు సరేనని జీపెక్కాడు.

జీపు కదిలాక చెంచురామయ్య గారు గంగక్క మీద విరుచుకుపడ్డారు. "నిజం చెప్పావేంటమ్మా! మిషన్ పట్టుకుపోతే ఏం చేద్దువు?"

గంగక్క మిషన్ మీద గోనెసంచి సర్దుతూ, తల కూడా ఎత్తకుండా, "ఈ పిల్ల ఉన్నది గద. పోనీయదనుకున్న" అంది.

సరళ గబగబా గుడిసె బయటికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. వానలో నిలబడి ఉంది, ఏడుస్తోంది. పలకరించకుండా వెనక్కి వచ్చాను.