కుడి మైదానంలో లేనార్డ్

ఎమిల్ డుర్కో మంగలి షాపులో శనివారం వచ్చిందంటే ఒకటే గొడవ: రేపటి ఆటలో ఎవరిని దించాలి, ఎవరిని బెంచీ మీద కూర్చోబెట్టాలి? ఆ బొగ్గుగనుల ఊరి బేస్‌బాల్ జట్టుకు మేనేజర్ గ్రిఫ్ ప్రోసర్. ఎమిల్ అక్కను చేసుకున్నవాడు కనుక ఎమిల్ అతన్ని మొహమాటం లేకుండా కడిగేసేవాడు.

"ఆ లేనార్డ్ సబోల్‌ని ఇంకెన్నాళ్ళు బెంచీకి కాపలా పెడతావు బావా? కొడతాడు, పరిగెడతాడు, విసిరితే బంతి తిన్నగా కొట్టేవాడి ప్లేటు దగ్గర పడుద్ది. నీకింకేం కావాలి?"

"ముందు నా గడ్డం సంగతి చూడు. గొంతు మీద కత్తి ఉంది," అన్నాడు గ్రిఫ్.

"మాట మార్చకు."

"ఖాళీ ఉన్నది కుడి మైదానం, ఆ దూరపు మూల ఒక్కటే. అక్కడ వాణ్ణి నిలబెట్టను."

ఎందుకో చెప్పేవాడు కాదు. లేనార్డ్ బ్రెడ్డు బండి తోలుకునే నెమ్మదైన మనిషి. అతని చిన్నప్పుడే వాళ్ళ నాన్న గని కూలినప్పుడు చనిపోయాడు. శవం దొరకలేదు, ఆ సొరంగాన్ని అలాగే మూసేశారు. అలాంటి ఇళ్ళు ఊళ్ళో చాలా ఉన్నందున దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవారు కాదు.

ఆగస్టులో ఒక ఆదివారం ఎమిల్ పట్టు బట్టాడు. బల్లల మీద కూర్చున్నవాళ్ళందరి చేతా లేనార్డ్ పేరు అరిపించాడు. వాళ్ళక్క కూడా అందులో గొంతు కలిపింది. చివరికి గ్రిఫ్ కుడి మైదానంలోకి చెయ్యి చూపించాడు. లేనార్డ్ పరిగెత్తుతూ వెళ్ళాడు. గ్రిఫ్ మాత్రం ఆట వైపు చూడకుండా ఎమిల్ వైపే చూస్తూ నిలబడ్డాడు.

అవతలి జట్టువాడు బంతిని ఎత్తుగా కొట్టాడు. అది సరిగ్గా లేనార్డ్ వైపే వచ్చింది. అతను తల ఎత్తలేదు. మోకాళ్ళ మీద కూర్చుని గడ్డికి చెవి ఆనించాడు. పక్కనే పడి బంతి దొర్లిపోయింది. జనం నవ్వారు. అప్పుడు లేనార్డ్, వంగినవాడు వంగినట్టే, మాట్లాడొద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు.

నవ్వు ఆగిపోయింది. పరిగెడుతున్నవాడు కూడా బేసు మీద నిలిచిపోయాడు. ఆ నిశ్శబ్దంలో ఎమిల్ అరికాళ్ళ కింద చెక్క సన్నగా అదిరింది. ఆగింది. మళ్ళీ అదిరింది. పక్కనున్న ముసలి గనికార్మికుడు వంగి తన బూట్ల వైపు చూసుకున్నాడు.

గ్రిఫ్ మైదానం దాటి వెళ్ళి లేనార్డ్‌ని లేపి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

ఆట అయ్యాక ఎమిల్ అడిగాడు: "నీకు ముందే తెలుసా బావా?"

"వసంతంలో ప్రాక్టీసప్పుడు చెప్పాడు. ఆ మూసేసిన సొరంగం కుడి మైదానం కిందే ఉంది. కిందనించి వాళ్ళ నాన్న తడుతున్నాడంట. ఇది నీ షాపులో చెప్పమంటావా?"

"నువ్వు విన్నావా?"

"నేనక్కడికి పోను," అన్నాడు గ్రిఫ్, బ్యాట్లు సంచిలో సర్దుతూ.

ఎమిల్‌కు మనసు నిలవలేదు. షాపుకు సెలవైన సోమవారం మధ్యాహ్నం ఒంటరిగా కుడి మైదానానికి వెళ్ళాడు. గడ్డి చల్లగా ఉంది కాని, కింద మట్టి మనిషి ఒళ్ళులా వెచ్చగా తగిలింది. వేలి కణుపులతో నేలను తట్టాడు. ఏమీ లేదు. తన పిచ్చికి తనే నవ్వుకుని, లేచి ప్యాంటు దులుపుకుంటుంటే కిందనించి జవాబు వచ్చింది. తను ఎలా తట్టాడో అచ్చం అలాగే.

ఇంటికి ఎలా చేరాడో అతనికి గుర్తు లేదు.

ఆకులు రాలే రోజుల్లో లేనార్డ్ క్షవరానికి వచ్చాడు. షాపులో ఇంకెవరూ లేరు. సరస్సు ఒడ్డున ఉన్న పట్నంలో పని దొరికిందని, అక్కడి జట్టువాళ్ళు ఆడతావా అని అడిగారని చెప్పాడు. కాసేపటికి, అద్దంలోకి కాకుండా నేలకేసి చూస్తూ, "ఆ సోమవారం బండి మీంచి చూశాను. మీరు అక్కడికి వెళ్ళారు కదా," అన్నాడు.

కత్తెర ఆగింది. అబద్ధం చెబుదామనుకున్నాడు ఎమిల్. నోరు రాలేదు. "వెళ్ళాను నాయనా. ఉన్నాడు."

లేనార్డ్ భుజాలు ఒక్కసారిగా కిందికి జారాయి. ఆ మాట ఇంకొకరి నోట వినడానికే ఇన్నాళ్ళూ ఊళ్ళో ఉన్నట్టు కనిపించాడు.

"అయితే నేను వెళ్తానండీ. ఎవరూ పలక్కపోతే నాన్న బెంగ పెట్టుకుంటాడు. మీరు చూసుకోండి."

అతను ఆ పట్నంలో చాలా ఏళ్ళు ఆడాడు. బాగా ఆడాడని పేరు. అతను వెళ్ళిన మరుసటేడు ఊళ్ళో ఆట మైదానాన్ని దిశ మార్చి తిప్పేశారు. పాత కుడి భాగం కంచె అవతల పడి, పొదలు లేచాయి. ఎమిల్ మాత్రం సోమవారాలు మధ్యాహ్నం ఎవరితో చెప్పకుండా బయలుదేరేవాడు. మోకాళ్ళు వంగడం మానేశాక చేతికర్ర తీసుకెళ్ళేవాడు. కంచె దాటి, పొదల్లో నిలబడి, దానితో నేలను తట్టి, టోపీ తీసి, జవాబు కోసం ఎదురుచూసేవాడు.